వఫ్రాలో ఇటలీ

బుధవారం పొద్దున అబ్దుల్ ఖాదర్ బండి నిండా ద్రాక్షపళ్ళు తెచ్చి వంటింటి గుమ్మం ముందు దించుతుంటే, సత్యనారాయణమ్మ చేతిలో చీపురు పక్కన పెట్టి చూస్తూ నిలబడిపోయింది. ఒకటో రెండో డబ్బాలైతే ఎవరో చుట్టాలొస్తున్నారని అనుకునేది. గోడ వెంట మోకాలెత్తున పేర్చినా ఇంకా బండిలో మిగిలే ఉన్నాయి. నల్ల ద్రాక్ష. మన దేశం నుంచి వచ్చిన సరుకే, డబ్బాల మీద మన జెండా బొమ్మ కూడా ఉంది.

"ఇన్ని పండ్లు ఎవురు తింటారన్నా?" అంది.

"తినేదానికి కాదు సత్తెమ్మా, తొక్కేదానికి," అన్నాడు ఖాదర్.

"ఎగతాళి చాలుగానీ, నాకు పనుండాది."

"నీ మీద ఒట్టు. మామానే చెప్పింది. శుక్రవారం వఫ్రా తోటలో ఆడోళ్ళంతా కాళ్ళతో తొక్కుతారంట. ఇటలీలో అట్లనే చేస్తారంట."

ఆ అరబ్బు దేశంలో, ఫింటాస్ అనే ఊళ్ళో, సముద్రానికి రెండు వీధుల ఇవతలున్న ఇంట్లో ఊడ్చేది, ఉతికేది, ఇస్త్రీ చేసేది సత్యనారాయణమ్మ. వంట రజియా బీది. బండి ఖాదర్‌ది. ముగ్గురిదీ రాయచోటి వైపే కావడం వల్ల వంటింట్లో తెలుగు, హాల్లో అరబ్బీ నడిచేవి. ఇంటి యజమానురాలు దలాల్‌ను ముగ్గురూ మామా అనే పిలుస్తారు. మామా అత్తగారు పెద్దావిడ. మక్కా యాత్ర చేసివచ్చిన మనిషి కాబట్టి ఆవిడ అందరికీ హజ్జా. ఇల్లు మామా చేతిలో ఉన్నా, ఎడారిలో వఫ్రా అనే చోట ఉన్న తోట మాత్రం హజ్జాదే. ఆవిడ భర్త ఇసుకలో బోరు వేయించి, మట్టి తోలించి పెంచిన తోట.

ఎండాకాలం సెలవుల్లో మామా పిల్లల్ని తీసుకుని ఇటలీ వెళ్ళొచ్చింది. పిల్లల్ని ఎత్తుకోవడానికి రజియా బీ కూడా వెళ్ళింది. ఆ ముచ్చట ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ద్రాక్షగుత్తులు నీళ్ళలో ముంచి తీస్తూ మళ్ళీ మొదలుపెట్టింది.

"ఒక కొండమింద తోట అక్కా. మన గాలివీడు పక్క కొండలే అనుకో, రోంత పచ్చగా ఉంటాయి. పొద్దన పోతే సందేల దాకా రుచి చూసేదే పని. ఇంత రొట్టెముక్క, దానిమింద నూనె. 'ఎట్లుంది' అంటారు. ఇంత చీజు. మళ్ళా 'ఎట్లుంది' అంటారు. మామా పక్కన కూచున్న దొరలకి వైను పోసిరి. వాళ్ళు గ్లాసు ముక్కుకాడ పెట్టుకోని, నోట్లో పోసుకోని, పుక్కిలించి బక్కెట్లో ఉమిసిరి. అంత దూరం పోయి మింగను కూడా మింగరు!"

"మామా ఏం చేసె?"

"తోబా, మామా ముట్టలే. ఆమెకి పండ్లరసం ఇచ్చిరి. నేను బండిలో పిల్లోన్ని ఎత్తుకోని కూచునింటి. నాకూ ఒక రొట్టెముక్క పంపిచ్చిరి లే. గట్టిది. పండ్లు కదిలిపోయ."

నవ్వొచ్చింది గానీ సత్యనారాయణమ్మకు నవ్వే ఓపిక లేదు. ఆ కొండమీది తోట తన శుక్రవారాలన్నీ తినేసింది. ఇటలీ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మామాకు ఒకటే ధ్యాస. చలికాలం మొదలుకాగానే వఫ్రా తోటలో బల్లలు వేయించింది. ప్రతి శుక్రవారం సిటీ నుంచి ఆడవాళ్ళు గుంపుగా వస్తారు. తోటలో పండిన టమాటా, తోట మేకల పాలతో చేసిన చీజు, తందూరు రొట్టె, తేనె కొంచెం కొంచెం రుచి చూస్తారు. పొడుగు కాడల గ్లాసుల్లో ద్రాక్షరసం పోసుకుని, అది వైనే అన్నట్టు గ్లాసు తిప్పి తిప్పి వాసన చూస్తారు, ఫొటోలు తీసుకుంటారు. వాళ్ళు వెళ్ళాక ఆ బల్లలూ గ్లాసులూ పనివాళ్ళకు మిగులుతాయి.

శుక్రవారం సత్యనారాయణమ్మకు సెలవు. ఆ సెలవును ఆమె వేరే ఎందుకూ వాడుకునేది కాదు. మొగుడు గంగాధర మంగఫ్‌లో కంపెనీ క్యాంపులో ఉంటాడు. ఫింటాస్ నుంచి బస్సెక్కితే అరగంట కూడా పట్టదు. శుక్రవారం పొద్దున్నే ఆయన సంగటి కెలికి, కోడికూర వండి, కట్టుకుని సముద్రం ఒడ్డుకు వచ్చేవాడు. ఇద్దరూ రాళ్ళ మీద కూర్చుని ఒకే గిన్నెలో తినేవాళ్ళు. మాట్లాడుకునేది తక్కువ. ఆయన భుజానికి ఆనుకుని ఆమె ఒక్క కునుకు తీసేది. ఇద్దరూ ఒకే దేశంలో, అరగంట దూరంలో ఉండి కూడా, ఈ చలికాలమంతా ఫోనులో గొంతు వినడం తప్ప మొహాలు చూసుకోలేదు.

నిన్న రాత్రి గంగాధర ఫోను చేసి చెప్పాడు. కంపెనీ వాళ్ళ జట్టును అబ్దలీ వైపు కొత్త పనికి మారుస్తోంది. అబ్దలీ అంటే దేశానికి ఆ కొస. శనివారం బస్సులో సామాన్లతో సహా తీసుకెళ్తారు. అక్కడ శుక్రవారం కూడా డ్యూటీ ఉంటుందో ఏమో, అక్కణ్ణుంచి ఫింటాస్‌కు ఎన్ని బస్సులు మారాలో ఏమో ఎవరికీ తెలియదు.

"అయితే ఈ శుక్రవారమే," అంది ఆమె.

"ఈ శుక్రవారమే," అన్నాడు ఆయన.

*

మామా హాల్లో కూర్చుని ఫోనులో ఏవో మెరిసే గ్లాసుల బొమ్మలు చూస్తోంది. ఎదురుగా ఇస్త్రీబల్ల దగ్గర సత్యనారాయణమ్మ ఎర్ర గళ్ళ ఏప్రన్లు ఇస్త్రీ చేస్తోంది. ఒక్కో ఏప్రను మడతపెడుతూ అడగాల్సిన మాట నోట్లో కూడబలుక్కుంది. నాలుగైదు ఏప్రన్లు అయ్యాక గానీ మాట బయటికి రాలేదు.

"మామా, ఈ జుమ్మా నాకు సెలవు కావాలి. పనుంది."

మామా తలెత్తి నవ్వింది. ఆవిడ ఎప్పుడూ కసురుకోదు. అదే పెద్ద చిక్కు. కసిరితే ఎదురు చెప్పడానికి రోషమైనా వస్తుంది.

"సత్యా, హబీబ్తీ! ఈ ఒక్క జుమ్మా తప్ప ఇంకేదైనా అడుగు. ఇంతమంది ఎప్పుడూ రాలేదు. నువ్వు లేకపోతే నా చేతులు విరిగినట్టే. వచ్చే జుమ్మా నీదే, ఇన్షా అల్లా."

వచ్చే జుమ్మా మాట చలికాలం మొదలైనప్పటి నుంచీ వింటోంది. నా మొగుణ్ణి చూడాలి, ఇదే ఆఖరు అని చెప్పేస్తే? నోటిదాకా వచ్చింది. కానీ ఈ ఇంట్లో చేరిన కొత్తలోనే రజియా బీ చెవిలో వేసింది: మొగుడు ఇక్కడే ఉన్నాడని మాత్రం చెప్పొద్దక్కా, ఎప్పుడో ఒకప్పుడు లేచిపోతుందని భయపడి గేటు దాటనీయరు. అందుకే ఇన్నేళ్ళూ సత్యనారాయణమ్మ ఊరివాళ్ళను కలవడానికని చెప్పే పోయొచ్చేది. ఇప్పుడు కొత్తగా మొగుణ్ణి ఎక్కడి నుంచి పుట్టించాలి? ఆ మాటను కూడా ఏప్రను మడతలో పెట్టేసి ఇస్త్రీపెట్టె అందుకుంది.

వంటింట్లోకి వచ్చి కూలబడితే రజియా బీ టీ గ్లాసు చేతిలో పెట్టింది. "ఏమనె?" అని అడిగి, మొహం చూసి, ఇంక జవాబు కోసం ఆగలేదు.

గురువారం మధ్యాహ్నం అందరూ వఫ్రాకు బయల్దేరారు. దారంతా ఇసుక, దూరంగా చమురు బావుల మంటలు, ఆ తర్వాత ఉన్నట్టుండి ప్లాస్టిక్ కప్పుల కింద పచ్చటి మొక్కల వరుసలు. తోటలో ఒక పెద్ద చెక్కతొట్టి అప్పటికే దించి ఉంది. దాని చుట్టూ కుండీల్లో ఆలివ్ చెట్లు అద్దెకు తెచ్చి పెట్టించారు. సత్యనారాయణమ్మా రజియా బీ చలిగాలిలో కూర్చుని గుత్తుల నుంచి పండ్లు దూశారు. కుళ్ళినవి ఏరి మేకలకు వేశారు. మంచివి తొట్టిలో పోశారు. దూసీ దూసీ వేళ్ళ సందులు పగిలి, ఆ పగుళ్ళలోకి పులుపు దిగి మండుతోంది.

"చూడు అక్కా, కుళ్ళినవి మేకలకంట, మంచివి కాళ్ళకంట," అంది రజియా బీ.

చీకటి పడేముందు మామా వచ్చి పనులు పంచింది. తొట్టి పక్కన నాలుగు పీటలు, నాలుగు ఇత్తడి బేసిన్లు, తెల్లటి తువాళ్ళ దొంతర చూపించింది. "తొక్కి దిగిన వాళ్ళు ఇక్కడ కూర్చుంటారు. సత్యా, నువ్వు గోరువెచ్చని నీళ్ళతో వాళ్ళ కాళ్ళు కడిగి, తుడిచి, చెప్పులు తొడగాలి. గోళ్ళ సందుల్లో తొక్కలు ఉండకూడదు. నవ్వుతూ చెయ్యి, ఫొటోలు తీస్తారు."

సత్యనారాయణమ్మ సరేనంది. ఊళ్ళో పెళ్ళిలో అల్లుడి కాళ్ళు ఒకసారి కడుగుతారు, అది కూడా అత్తమామలు, ఆ ఒక్కనాడే. ఇక్కడ ఎంతమంది అల్లుళ్ళో అనుకుంది. నడుము ఇప్పుడే పట్టేసింది.

"ఇంకొక మగమనిషి కావాలి," అంటోంది మామా ఖాదర్‌తో. "బరువులు మోయాలి. మొదట తొట్టిలో దిగి ఎలా తొక్కాలో చూపించాలి. తోటలో పనివాళ్ళు కెమెరా చూస్తేనే పారిపోతున్నారు."

ఖాదర్ గడ్డం గోక్కుని, ఒకసారి సత్యనారాయణమ్మ వైపు చూసి, "నాకు తెలిసిన మనిషొకడు ఉన్నాడు మామా. రేపు అతనికి సెలవే. సరదాగా సాయానికొస్తాడు," అన్నాడు.

మామా సంబరపడింది. ఆవిడ అటు వెళ్ళగానే ఖాదర్ గొంతు తగ్గించి, "మన గంగన్నే సత్తెమ్మా. పొద్దన పోయి మంగఫ్‌లో ఎక్కించుకోనొస్తా. చీకటిపడినాక మళ్ళా దింపుతా. నోరు మాత్రం జారొద్దు, ఇద్దురూ కొత్తోళ్ళ మాదిర్తో ఉండండి," అన్నాడు.

సత్యనారాయణమ్మకు ప్రాణం లేచొచ్చినట్టయింది. మేకల దొడ్డి వెనక్కి పోయి ఫోను చేసింది.

"తోటకా? నేనొచ్చి ఏం చెయ్యల్ల?" అన్నాడు గంగాధర.

"మోసేది, దించేది. ఏదో ఒకటి. పొద్దన్నించి సందేల దాకా కండ్లముందర ఉంటావు గదా."

ఆయన ఒప్పుకున్నాడు. తర్వాత, "సంగటి తేవల్లనా?" అని అడిగాడు.

"తే. యాడో ఒక మూల కూచుని తిందాం," అంది.

*

శుక్రవారం పొద్దున గంగాధర, సంగటి గిన్నె బండిలోనే ఉంచి, ఇస్త్రీ చొక్కాతో దిగాడు. ఆ చొక్కా మీదే మామా ఒక నల్ల కోటు తొడిగించి, మెడకు ఎర్ర రుమాలు కట్టించి, నెత్తిన గడ్డిటోపీ పెట్టించింది. అచ్చం ఇటలీవాడిలా ఉన్నాడని చప్పట్లు కొట్టింది. సత్యనారాయణమ్మ దూరం నుంచి చూసింది. చిక్కిపోయాడు. చెంపల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఇవన్నీ ఫోనులో కనబడలేదు. నీళ్ళ బక్కెట్టు అందిస్తూ ఆయన "తిన్యావా?" అన్నాడు పెదవి కదపకుండా. "నువ్వు?" అంది ఆమె. అంతకంటే మాట్లాడే వీల్లేదు. అయినా ఆ పూట పని తేలిగ్గానే నడిచింది. ఎటు తిరిగినా ఆ గడ్డిటోపీ ఎక్కడో ఒకచోట కనబడుతోంది.

జుమ్మా నమాజు అయ్యాక కార్లు వచ్చాయి. నవ్వులు, అత్తరు వాసనలు, ఎత్తు చెప్పులు ఇసుకలో దిగబడటాలు. హజ్జా కూడా ఈసారి తోటకు వచ్చింది గానీ ఈ సందడి పడక లోపల గదిలో నడుము వాల్చింది. రజియా బీ తందూరు దగ్గర, సత్యనారాయణమ్మ బల్లల దగ్గర. చీజు ముక్క కొరికి, కళ్ళు మూసుకుని, సగం వదిలేసి ఇంకోటి అందుకునేవాళ్ళు. ఎంగిలి ముక్కలు ఎత్తి ఎత్తి సత్యనారాయణమ్మ చేతులు జిడ్డయ్యాయి. ద్రాక్షరసం గ్లాసులు ఎండకేసి ఎత్తి చూసి, "అచ్చం అక్కడిలాగే," అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

అప్పుడు మామా తొట్టి దగ్గర నిలబడి గంగాధరను పిలిచింది. ఏదో చెప్పింది. ఖాదర్ తెలుగులో చెప్పాడు: "గంగన్నా, చెప్పులిడిసి కాళ్ళు కడుక్కోని తొట్లోకి దిగు. రొన్నిమిసాలు తొక్కి చూపిస్తే చాలు."

గంగాధర కాళ్ళు కడుక్కున్నాడు. తొట్టి దగ్గరికి వచ్చాడు. లోపల నల్లగా, నున్నగా, అంచు దాకా పండ్లు. ఫోన్లన్నీ ఆయన మీదికి లేచాయి. ఆయన వంగి, పండ్లను చేత్తో తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. ఆటలో అదీ ఒక భాగమనుకుని ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన ఒక కాలెత్తాడు. ఎత్తిన కాలు మళ్ళీ నేల మీద పెట్టాడు.

"నాతో కాదు ఖాదరన్నా."

"ఏమైంది?"

"తినేది. దానిమింద కాలు పెట్టలేను."

"అబ్బా, రొన్నిమిసాలే గంగన్నా! అందరూ చూస్తాండారు."

మామా నవ్వు మొహం మీదే ఆగిపోయింది. సత్యనారాయణమ్మ కొత్తవాళ్ళలా ఉండాలన్న సంగతి కూడా మరచిపోయి, "పెట్టబ్బా కాలు! ఏమైతాది? పెట్టు!" అంది బేసిన్ల దగ్గర్నుంచే.

గంగాధర ఆమె వైపు చూశాడు. ఆమె అడిగింది ఆయన ఎన్నడూ కాదనలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, తల దించుకుని, అక్కడే నిలబడ్డాడు.

"ఖలాస్," అంది మామా ఖాదర్‌తో. "ఇతన్ని ఇక్కణ్ణుంచి తీసుకుపో. బండి ఖాళీ అయినప్పుడు దింపెయ్." అని తనే చెప్పులు విడిచి, ఒంటిమీది నల్ల అబాయా ఎత్తిపట్టుకుని తొట్టిలోకి దిగింది. పండ్లు పుటుక్కుమన్నాయి. ఆవిడ కేరింతకు అందరూ నవ్వారు. ఒకరి తర్వాత ఒకరు దిగడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత సత్యనారాయణమ్మ ముందుకొచ్చినవన్నీ పాదాలే. రంగు గోళ్ళవి, మెత్తటివి, మడమలు పగిలినవి. ఒక్కో పాదం తొడ మీది తువాలులో పెట్టుకుని, వేళ్ళు విడదీసి, తొక్కలూ గింజలూ తీసి, నీళ్ళు పోసి తుడవాలి. నీళ్ళు మార్చాలి. మళ్ళీ ఇంకో పాదం. కొందరు కృతజ్ఞతగా షుక్రన్ అన్నారు. కొందరు ఫోనులోంచి తలెత్తలేదు. ఇసుకలోని గులకరాళ్ళ మీద మోకాళ్ళు మొద్దుబారిపోయాయి. చేతులు మోచేతుల దాకా ఊదారంగుకు తిరిగాయి. జిగురుకు ఈగలు ముసిరాయి.

ఆమెకు మామా మీద కోపం రాలేదు. మొగుడి మీద వచ్చింది. వచ్చిందంటే మామూలుగా కాదు, కడుపు మండిపోయింది. ఈ ఒక్క పూట కోసం నేను ఇంతమంది కాళ్ళు పట్టుకున్నా. నువ్వు ఒక్క కాలు పెట్టలేకపోయినావా? పాపం వస్తే ఆ పాపమేదో నేను మోసేదాన్ని గదా? సందేల దాకా కండ్లముందర ఉందువు. ఇప్పుడు ఆ స్టోరు గది వెనక గోడకు ఆనుకుని బండి కోసం కాచుకుంటాండావు.

*

హజ్జా నిద్ర లేచి, చేతికర్ర పట్టుకుని బయటికొచ్చింది. మొదట ఆవిడకు కనబడింది స్టోరు గది వెనక గడ్డిటోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న గంగాధర. ఇతనెవరు, ఇక్కడెందుకున్నాడని ఖాదర్‌ను అడిగింది. అబద్ధమాడే తెలివి ఆ క్షణాన ఖాదర్‌కు తట్టలేదు. జరిగింది చెప్పాడు. తిండి మీద కాలు పెట్టనన్నాడు హజ్జా, అందుకని మామా పంపించేయమంది అని.

హజ్జా ఇంకేం అడగలేదు. కర్ర ఇసుకలో గుచ్చుకుంటూ నేరుగా తొట్టి దగ్గరికి వచ్చింది. ఫోనులో మోగుతున్న పాటను ఎవరో ఆపేశారు. తొట్టిలో ఇద్దరు ఆడవాళ్ళు అబాయాలు ఎత్తిపట్టుకుని అలాగే నిలబడిపోయారు. కింద ఇసుకలో పడిన ఒక పండును హజ్జా వంగి తీసుకుంది. వంగడానికి చాలాసేపు పట్టింది. దాని మీది ఇసుక ఊది, ముద్దు పెట్టుకుని, నుదుటికి ఆనించుకుంది.

"ఇది నేమా, దలాల్," అంది. అల్లా ఇచ్చిన తిండిని వాళ్ళు నేమా అంటారు. "రొట్టెముక్క దారిలో పడితే తీసి గోడమీద పెట్టమని నీ పిల్లలకు నేర్పించాను. నీకు నేర్పించలేదు, నీ తప్పు కాదు. నా భర్త తోటలో నేమాను కాళ్ళ కింద వేస్తారా?"

"యుమ్మా, ఇటలీలో..." అని అత్తగారికి సర్దిచెప్పబోయింది మామా.

"ఇటలీలో వాళ్ళు ఏం చేస్తారో నాకెందుకు? ఎవరో హిందీ మనిషి, కూలివాడు, వాడికి భయముంది. ఈ ఇంటి కోడలికి లేదు." హిందీ అంటే ఇక్కడ మన దేశంవాడని. "ఇక ఈ తోటలో ఇది జరగదు. ఈ రోజూ జరగదు, ఏ జుమ్మా జరగదు."

ఆ మాట అంటున్నప్పుడు సత్యనారాయణమ్మ ఎవరిదో పాదం చేతుల్లో పట్టుకునే ఉంది. ఏ జుమ్మా జరగదు. చలికాలమంతా ఆమె నోరు తెరిచి అడిగితే దొరకనిది ద్రాక్షపళ్ళ పుణ్యమా అని ఒక్క మాటతో దొరికింది. సంతోషపడాల్సింది. హజ్జా ఆమె వైపు వచ్చింది. ఆ ఊదా చేతులు, మోకాళ్ళు, బేసిన్లు, తువాళ్ళు అన్నీ ఆవిడ కళ్ళ ముందే ఉన్నాయి. ఆవిడ చూపు వాటి మీదుగా జారి బేసిను పక్కన ఇసుకలో పడింది.

"సత్యా, పక్కకు జరుగు. నీ మోకాలి కింద పండ్లున్నాయి," అంది.

సత్యనారాయణమ్మ జరిగింది. ద్రాక్షపళ్ళకైనా అడగడానికి ఒక దిక్కుంది అనుకుంది. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా ఒక్కసారి బరువెక్కి, ఇంకొక్క పని కూడా చేయలేననిపించింది.

అతిథులు చెప్పులు వెతుక్కుని ఒక్కొక్కరే కార్లెక్కారు. హజ్జా ఖాదర్‌ను పిలిచింది. "నన్ను ఇంటికి తీసుకుపో. ఆ మనిషిని కూడా ఎక్కించుకో. మంచివాడు, దారిలో ఎక్కడ చెబితే అక్కడ దింపు."

మామా కళ్ళు తుడుచుకుంటూ సత్యనారాయణమ్మ దగ్గరికి వచ్చింది. "తొట్టి కడిగించు. గ్లాసులన్నీ, బల్లలన్నీ. ఈ రాత్రికి నువ్వూ రజియా ఇక్కడే పడుకోండి. రేపు సాయంత్రం బండి పంపిస్తాను."

రేపు సాయంత్రానికి ఆయన అబ్దలీలో ఉంటాడు.

గంగాధర కోటు, రుమాలు, టోపీ తీసి చక్కగా మడిచి బల్ల మీద పెట్టాడు. బండి ముందు సీటులో, ఖాదర్ పక్కన, ఎక్కి కూర్చున్నాడు. ఆమె వైపు ఒక్కసారి చూసి, చూపు దించుకున్నాడు. వెనక సీటులో హజ్జా సర్దుకుంటోంది.

సత్యనారాయణమ్మ చేతిలో తువాలును బేసిను అంచు మీద వేసింది. మోకాళ్ళు పట్టేస్తే పీట పట్టుకుని లేచింది. బండి దగ్గరికి నడిచి, అటువైపు తలుపు తీసి, హజ్జా పక్కన కూర్చుని, తలుపు వేసుకుంది. ఆ సీటులో ఆమె ఎన్నడూ కూర్చోలేదు. ఆమెది ఎప్పుడూ సామాన్లతో పాటు ఆ వెనక వరసే.

"అక్కా! యాడికి?" రజియా బీ తందూరు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది.

"పోతాండా రజియా."

"సత్యా, ఎక్కడికి?" మామా అద్దం దగ్గరికి వచ్చింది. "ఈ పనంతా ఎవరు చేస్తారు?"

"మామా, ఈ రోజు జుమ్మా," అంది సత్యనారాయణమ్మ అరబ్బీలో. "నా సెలవు."

అడిగినట్టు లేదు, చెప్పినట్టుంది. గొంతు పెద్దదేం చేయలేదు. పెద్దది చేసే ఓపిక కూడా లేదు.  హజ్జా కర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని తన పక్కన కూర్చున్న మనిషిని ఎగాదిగా చూసింది.

"నీకేం పని?"

"ముందు కూర్చున్నాయన నా మొగుడు హజ్జా. మంగఫ్‌లో ఉంటాడు. రేపు కంపెనీ వాళ్ళు అబ్దలీకి తీసుకుపోతున్నారు. ఈ చలికాలమంతా మేం చూసుకోలేదు."

ఖాదర్ స్టీరింగు పట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు. అరబ్బీ రాని గంగాధర, ఏదో తన గురించేనని మాత్రం గ్రహించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుపోయాడు.

"ఇన్నేళ్ళు నా ఇంట్లో ఉన్నావు," అంది హజ్జా చివరికి. "నీ భర్త ఇక్కడే ఉన్నాడని నాకెవరూ చెప్పలేదే."

"ఎవరూ అడగలేదు హజ్జా."

హజ్జా తన అబాయా అంచును తన వైపు లాక్కుంది. "యల్లా, ఖాదర్, పోనీ," అంది.

బండి తోట గేటు దాటింది. మళ్ళీ ఇసుక, మళ్ళీ చమురు బావుల మంటలు. సత్యనారాయణమ్మకు ముందు సీటు మీదుగా మొగుడి మెడ మాత్రమే కనబడుతోంది. ఎండకు మాడి, గీతలు పడిన మెడ. కొంతదూరం పోయాక ఆయన వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"పెట్టలేకపోతి సత్తెమ్మా. కాలెత్తినా గానీ, నువ్వు పెట్టమన్నా కూడా అది దిగలే. నాకోసరం నీ పనికి ముప్పొచ్చె."

ఆమె అద్దంలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. కడుపులో మంట ఇంకా పూర్తిగా చల్లారలేదు. అయినా నిజం నిజమే.

"మంచిదే అయిందిలే. నువ్వు పెట్టింటే ఆ కాళ్ళు కూడా నేనే కడగాల్సొచ్చేది."

ఖాదర్‌కు నవ్వాగలేదు. గంగాధర భుజాలు కూడా కదిలాయి. ఏమిటని హజ్జా అడిగింది. నవ్వుతూనే ఖాదర్ ఆ మాట అరబ్బీలోకి మార్చి చెప్పాడు.

హజ్జా నవ్వలేదు. సత్యనారాయణమ్మ ఒళ్ళో ఉన్న ఊదారంగు చేతుల వైపు చూసింది. కాసేపటికి, చాపుకున్న తన కాళ్ళను మెల్లగా వెనక్కి తీసుకుని, అబాయా కింద దాచుకుంది.

మంగఫ్‌లో ఇద్దరూ మూత తీయని సంగటి గిన్నెతో దిగారు. ఎప్పుడొస్తావని హజ్జా ఆమెను అడగబోయి మానేసింది. బండి వెళ్ళిపోయింది. సత్యనారాయణమ్మ మొగుడి మోచెయ్యి పట్టుకుంది. నడుద్దామా అని ఆయన అడిగితే, రోంతసేపు ఇట్లనే ఉందామంది.